అంసఫలక మర్మం: ఎముకా? స్థానమా?

భుజం వెనుక భాగాన్ని ప్రాచీన భారతీయ శల్యతంత్రం ఎలా గుర్తించిందో తెలిపే ప్రధానాధారం సుశ్రుత సంహిత శారీరస్థానంలోని ఆరవ అధ్యాయం. అందులోని 107 మర్మాలలో 14 వీపునకు చెందినవి. వీటిలో అంస, అంసఫలక మర్మాలు భుజానికి సంబంధించినవి. ఒక్కొక్కటి ఇరువైపులా ఉంటుంది.

మెడకూ బాహుశిరస్సుకూ నడుమ ఉన్న అంసం స్నాయుమర్మం. అక్కడ గాయమైతే చేయి బిగుసుకుపోతుంది. అంసఫలకం అస్థిమర్మం. ఇది వీపు పైభాగాన, వెన్నెముకకు ఇరుపక్కలా, త్రికంతో సంబంధం కలిగి ఉంటుంది. ఇక్కడి గాయం వల్ల చేతులు తిమ్మిరెక్కుతాయి, లేదా శుష్కిస్తాయి. త్రికశబ్దానికి నడుము దిగువ భాగమనే అర్థం కూడా ఉంది. అయితే వీపు పైభాగమని స్పష్టంగా చెప్పినందున మెడ, రెండు భుజాలు కలిసే చోటు అనే అర్థమే ఇక్కడ పొసగుతుంది.

అంసఫలక మర్మాన్ని భుజం వెనుకనున్న పలక వంటి ఎముకగా వివరించడం పరిపాటి. పేరును బట్టి అది సహజమే. కాని ఆ ఎముక రెండవ పక్కటెముక నుంచి ఏడవ పక్కటెముక వరకు వ్యాపించి ఉంటుంది. అదే అధ్యాయం ఈ మర్మానికి చెప్పిన పరిమాణం అర్ధాంగుళం మాత్రమే. కనుక మర్మం ఎముక మొత్తం కాదు. ఎముక పేరుతో వ్యవహరించిన ఒక స్థానం.

ఆ స్థానం ఏది? చర్మం మీదుగా తడిమితే ఎముకపై అడ్డంగా సాగే గట్టు, దాని లోపలి కొస, ఎముక కింది మూల చేతికి తెలుస్తాయి. గ్రంథం వీటిలో దేనినీ పేర్కొనలేదు. గాయఫలితమూ నిర్ణయానికి చాలదు. ఆ ఎముక మీది కండరాలకు వెళ్లే నాడి దెబ్బతింటే గట్టుకు పైన, కింద పల్లాలు ఏర్పడతాయి. శుష్కించేది వీపుమీది కండరాలే గాని చేయి కాదు. అందువల్ల ఒక్క నాడితో ఈ మర్మాన్ని సమీకరించడం సాహసమే.

ఈ అస్పష్టతను అజ్ఞానంగా భావించరాదు. శవాన్ని ఏడు రాత్రులు ప్రవాహజలంలో నానబెట్టి, పొరపొరగా రుద్ది పరిశీలించే విధానాన్ని ఐదవ అధ్యాయమే బోధించింది. మర్మాధ్యాయం లక్ష్యం వేరు: శస్త్రం ఎక్కడ తగలకూడదో చెప్పడం. అందుకే అది ఆకారం కంటె ఉనికినీ, కొలతనూ, గాయఫలితాన్నీ పట్టించుకుంది.

తెలుగు అనువాదంలోనూ ఈ భేదం నిలవాలి. అంసానికి ‘మూపు’ చక్కగా సరిపోతుంది. రెండవదానిని ‘భుజపుటెముక’ అనడం కంటె ‘అంసఫలకం మీది మర్మం’ అనడమే మూలానికి దగ్గర.