వెండి పతకం మీద ‘మన’

1784లో లండన్ రాయల్ సొసైటీ నావికుడు జేమ్స్ కుక్ స్మారకంగా ఒక పతకం వేయించింది. అచ్చు చెక్కినవాడు లూయిస్ పింగో. బంగారు పతకానికి చందా 20 గినీలు, వెండిదానికి 1 గినీ; సొసైటీ సభ్యులకు కంచుది ఉచితం. స్మృతికి కూడా తరగతులున్నాయన్నమాట!

కుక్‌ను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. యార్క్‌షైర్ వ్యవసాయ కూలీ కొడుకు ఆయన. బొగ్గు ఓడల మీద పని నేర్చుకున్నాడు. చెన్నూరులో ఉండి ఆ మాట చదివితే మందమర్రి గుర్తు రాకుండా ఉంటుందా?

నన్ను పట్టి నిలిపింది పతకం వెనకవైపు. స్తంభానికి ఆనుకున్న స్త్రీమూర్తి, భూగోళం మీద ఆమె చుక్కాని, చుట్టూ లాటిన్ అక్షరాలు. మనవాళ్లు ప్రయత్నించకుండా విడిచింది ఏదీ లేదని వాటి భావం. ఇది నావికుల మాట కాదు. రోమన్ కవి హొరేస్ కావ్యకళను గురించి రాసిన పద్యలేఖలోది. అక్కడ ఆయన మెచ్చుకున్నది కవులను. గ్రీకుల అడుగుజాడలు విడిచి స్వదేశ విషయాలకు పూనుకున్నందుకు మెచ్చుకున్నాడు. పతకం మీదికి వచ్చేసరికి ‘కవులు’ రాలిపోయి ‘మన’ మాత్రం మిగిలింది.

ఈ ‘మన’లో ఎవరున్నారు? 1769లో తహితీలో కుక్ ఓడ ఎక్కిన తుపాయా రయతేయా ద్వీపవాసి, పురోహితుడు, నావికుడు. చుట్టుపక్కల దీవుల పటం అతని జ్ఞానంతోనే తయారైంది. న్యూజిలాండ్‌లో మావోరీలకు అతని మాట అర్థమైంది. ఆ తీరంలో ఇంగ్లీషువాళ్లకు నోరు అతడే. 1770 డిసెంబరులో బటేవియాలో జబ్బుచేసి చనిపోయాడు. అతన్ని వెంట తీసుకువెళ్లిన జోసెఫ్ బ్యాంక్స్, పొరుగు దొరలు సింహాలనూ పులులనూ పెంచుకున్నట్టు తానూ ఇతన్నొక వింతగా ఉంచుకోవచ్చునని దినచర్యలో రాసుకున్నాడు. పతకం వేయించిననాటి సొసైటీ అధ్యక్షుడు ఆ బ్యాంక్సే.

శత్రుపక్షం వాణ్ణి మాత్రం మరవలేదు. కుక్ ఓడల జోలికి పోవద్దని యుద్ధం నడుమ, 1779 మార్చిలో, అమెరికన్ నౌకలకు రాసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు బంగారు పతకమే అందింది. (కుక్ హవాయిలో హతుడై అప్పటికే నెల కావస్తోంది. కబురే ఐరోపాకు చేరలేదు.)

పసిఫిక్ గొడవ మనకెందుకనుకోనక్కర్లేదు. కాలిన్ మెకంజీ కోసం ఊరూరా కైఫీయతులు, శాసనాలు పోగుచేసే పని నడిపిన కావలి సోదరులు తెలుగువాళ్లు. 1821లో మెకంజీ పోయాడు. ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వస్తే, 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ, దేశీయుడికి అంతటి అర్హత ఉంటుందని ఒప్పుకోలేదు. ఎం.ఏ.లో మేము వాటిని ‘మెకంజీ కైఫీయతులు’ అనే చదివాం. వ్యాసాల్లో ఇప్పటికీ అలాగే రాస్తున్నాం.