షాబందర్ మా తాత కాదు

"మీరు ఏలినోళ్లు కదా, మీకేం తక్కువ?" అంటుంటారు మమ్మల్ని. జవాబు కోసం బందరు రేవు దాకా పోదాం.

బందరంటే ఫారసీలో రేవు. మచిలీపట్నానికి జనం నోట ఇప్పటికీ అదే పేరు. అక్కడ గోలకొండ కుతుబ్‌షాహీల అధికారి షాబందర్. వచ్చిన ఓడల లెక్క, దిగిన సరుకు తనిఖీ, సుంకం వసూలు, పరదేశి వర్తకుల వ్యవహారం అతని పని. ఊరి మీద పెత్తనం హవల్దారుది. ఈ పేర్లు వింటే 'మనోళ్లే' అని మురిసేవాళ్లు మాలో ఉన్నారు. 'తురకల పెత్తనం' అని పళ్లు కొరికేవాళ్లు అవతల ఉన్నారు.

ఆ పెత్తనం ఎవరిది? 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెత్‌వోల్డ్ రాసిపెట్టాడు. పాలన ఏడాదికోసారి ఎక్కువ పాడినవాడికి దక్కేది. పాట సొమ్ము కట్టలేని బందరు పాలకుణ్ని ప్రాణం పోయేదాకా బెత్తాలతో కొట్టారు. పాడుకున్నవాడు ఆ సొమ్ము ఎవరి దగ్గర పిండుకుంటాడు? మగ్గం మీద, అద్దకం తొట్టి దగ్గర బతికేవాళ్ల దగ్గరే.

1614లో ఇంగ్లీషు కంపెనీ కొలువులోని ఫ్లోరిస్ బాకీ రాబట్టడానికి బందరు పాలకుడి కొడుకునే ఎత్తుకెళ్లి ఓడలో పెట్టాడు. ఆ కొడుకు పేరు వెంకటాద్రి. ముస్లిం రాజు రేవుకి హిందువు అధికారి! పరాయి చేతి కూడు ముట్టని బ్రాహ్మడు గనక వెంకటాద్రి ఓడలో పస్తున్నాడు. ఫ్లోరిస్ జాలిపడి, పేరున్న ముస్లింలు ఇద్దరు బదులుగా వచ్చి ఆ పస్తుంటే వదిలేస్తానన్నాడు. ఒక్కడూ రాలేదు. చివరికి తండ్రి బాకీ తీర్చాకే విడుదల. కలిసి ఏలినవాళ్లు ఒకరి కోసం ఒకరు కలిసి పస్తుండలేదు.

1630ల్లో బందరు హవల్దారైన ఇరానీ మీర్ జుమ్లా గోలకొండలో వజీరు దాకా ఎదిగి, 1656లో మొగలుల పక్షం చేరాడు. ఏ మతం ఆపింది అతన్ని?

ఆ కొలువులో హిందువూ ఉన్నాడు, ఇరానీ ఉన్నాడు. దూది ఏకినవాడు లేడు, మూట మోసినవాడు లేడు. మేం వాళ్ల బిడ్డలం. మా తాతలు ఎక్కని కుర్చీ బాకీ మా ఖాతాలో రాయకండి. మనలోనూ ఎవరూ ఆ కుర్చీని చూసి మీసం తిప్పొద్దు.