పులుపు చుట్టరికం

మా చెల్లెలు న్యూజెర్సీ వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. మంచు గురించి గాని, ఒంటరితనం గురించి గాని అది ఏనాడూ సణగలేదు. దాని దిగులల్లా ఒకటే, అక్కడ వాక్కాయలు దొరకవని! వెళ్ళిన ఏడాది నవంబరులో కొట్లో ఎర్రటి కాయల సంచీ ఒకటి కనిపిస్తే కొని, ఇంటికొచ్చి ఒక కాయ కొరికి, అర్ధరాత్రని కూడా చూడకుండా నాకు ఫోను చేసింది.

"అక్కా, వాక్కాయేనే! పాలు కారదు, అంతే తేడా!"

అది క్రాన్‌బెర్రీ. నిజానికి ఈ రెండింటికీ చుట్టరికమేమీ లేదు. మన వాక్కాయ గన్నేరు కుటుంబంలోది. క్రాన్‌బెర్రీ బ్లూబెర్రీకి దాయాది. అయినా పప్పులో పడ్డాక కులగోత్రాలు ఎవరడుగుతారు? అప్పట్నుంచీ వాళ్ళింట్లో క్రాన్‌బెర్రీ పప్పు, పచ్చడి, పులిహోర. అక్కడి తెలుగిళ్ళలో ఇది మామూలే.

గొడవంతా పోయిన సంవత్సరం మొక్క కొని పెరట్లో పాతడంతో వచ్చింది. మంచి మట్టి వేసింది, సంచీడు పశువుల ఎరువు వేసింది, నీళ్ళలో తేలే కాయల బొమ్మలు చూసి ఉంది గనక రోజూ బకెట్టుడు నీళ్ళు పోసింది. రెండు నెలలకి ఆకులు పాలిపోయి, వేళ్ళు కుళ్ళాయి. "నువ్వు పుస్తకాలు చదువుతావుగా, ఏం తప్పు చేశానో చూసి పెట్టక్కా" అంది. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని గాని తోటపని చదివినదాన్ని కాను. మా ఇంట్లో తులసి బతుకుతోందంటే అది తులసి గొప్పతనం. కాబట్టి నాకు చేతనైన పనే చేశాను. చరిత్ర తిరగేశాను.

చెప్పొద్దూ, జవాబు అక్కడే దొరికింది!

ఈ కాయల్ని యూరపు వాళ్ళు వెళ్ళి కనిపెట్టలేదు. వాళ్ళు రాకముందు ఎన్నో తరాలుగా అక్కడి ఆదివాసులు వాటిని ఏరుకునేవారు. ఎండబెట్టిన మాంసంతోనూ కొవ్వుతోనూ కలిపి దంచి, చలికాలానికి దాచుకునేవారు. మసాచుసెట్స్ తీరంలో అక్వినా అనే చోట ఉండే వాంపనోగ్ జనం ఇప్పటికీ అక్టోబరు రెండో మంగళవారం క్రాన్‌బెర్రీ పండుగ చేసుకుంటారు. ఆ రోజు పిల్లలు బడి మానేసి పెద్దవాళ్ళతో కాయలు ఏరడానికి వెడతారు. వలస వచ్చినవాళ్ళకి వంగిన పువ్వు కొంగ మెడా ముక్కూ లాగా కనిపించి 'క్రేన్ బెర్రీ' అన్నారనీ, అదే క్రాన్‌బెర్రీ అయిందనీ చెబుతారు.

దాన్ని పంటగా పెంచడం 1816లో మొదలైంది. కేప్ కాడ్‌లో డెన్నిస్ అనే ఊళ్ళో హెన్రీ హాల్ అనే ఆయన ఉండేవాడు. సముద్రపు గాలికి ఇసుక కొట్టుకొచ్చి ఆయన పొలంలోని అడివి తీగల మీద పడింది. ఇంకొకరైతే పంట పాడైందని నెత్తి కొట్టుకునేవారే. ఈయన ఊరికే చూస్తూ కూచున్నాడు కాబోలు, ఇసుక పడ్డచోటే తీగలు బలంగా లేచి ఎక్కువ కాశాయని గమనించాడు. తీగల్ని తెచ్చి నాటి, తనే ఇసుక చల్లడం మొదలుపెట్టాడు. ఇసుక కప్పిన తీగ కొత్త వేళ్ళు వేస్తుంది, కలుపూ పురుగూ అణుగుతాయి. ఇప్పటికీ అక్కడి రైతులు చలికాలంలో మళ్ళలో నీళ్ళు గడ్డ కట్టాక ఆ మంచు మీద ఇసుక చల్లుతారు. మంచు కరిగితే ఇసుక దానంతటదే కిందికి దిగి పరుచుకుంటుంది. ఎంత హాయైన వ్యవసాయం!

అయితే ఈ మొక్క నీళ్ళలో పెరగదు. చలికి తీగలు చావకుండా ఒకసారి, కోతకి ఒకసారి మడిలో నీళ్ళు పెడతారంతే. కాయ లోపల నాలుగు గాలి గదులుంటాయి, అందుకని పైకి తేలుతుంది. మిగతా కాలమంతా దానికి కావలసింది పీటూ ఇసుకా కలిసిన, సారం లేని పుల్లటి నేల. కాయే కాదు, మట్టీ పుల్లగా ఉండాలి! మా చెల్లెలు వేసిన పశువుల ఎరువు దానికి విందు కాదు, విషం. చలికాలంలో కొన్ని నెలలు గట్టి చలి తగిలితే గాని పూత రాదు. కాబట్టి మన వైపు పెంచుదామని ఎవరూ కుండీలు కొనకండి.

చదువుతూ చదువుతూ మా చెల్లెలుండే న్యూజెర్సీకే వచ్చాను. అక్కడ వైట్స్‌బాగ్ అని ఒక తోటల ఊరుంది. ఆ తోటల యజమాని జోసెఫ్ వైట్ 1870లోనే క్రాన్‌బెర్రీ సాగు మీద పుస్తకం రాశాడు. మరుసటేడు పుట్టిన ఆయన పెద్దకూతురు ఎలిజబెత్, ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి తండ్రితోపాటు పొలంలో దిగింది. 1911లో ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ బ్లూబెర్రీ మీద రాసిన పుస్తకం చదివి, మా పొలంలో ప్రయోగాలు చెయ్యండని ఆయనకి ఉత్తరం రాసింది. అప్పటికి బ్లూబెర్రీ అడివి కాయే. చుట్టుపక్కలవాళ్ళ చేతికి రంధ్రాలున్న కొలతబిళ్ళలిచ్చి, పెద్దకాయ పొదలు వెతికించింది. ఎవరు చూపిస్తే పొదకి వారి పేరు. రూబ్ లీక్ అనే ఆయన చూపించింది 'రూబెల్' అయింది. 1916లో మొదటి పంట అమ్మారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. 1923లో తోటల మధ్యే ఇల్లు కట్టుకుని, చుట్టూ ఆ నేలలో పుట్టిన మొక్కలే పెంచింది.

ఇక్కడితో ఆపితే ఎంత బాగుండేది! నవలకి పనికొచ్చే నాయిక దొరికిందని మురిసిపోయాను కూడా. కాని అదే వైట్స్‌బాగ్‌లో 1910 సెప్టెంబరులో లూయిస్ హైన్ అనే ఆయన తీసిన ఫోటోలున్నాయి. బాలకార్మికుల కమిటీ తరఫున వెళ్ళాడు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఇటాలియన్ కుటుంబాలు మోకాళ్ళ మీద కూచుని కాయలు కోస్తుంటారు. పిల్లలూ వాళ్ళ పక్కనే. బళ్ళు తెరిచాయి గాని వీళ్ళింకా తోటలోనే ఉన్నారు. పదేళ్ళ పిల్ల ఒకతి కాయలపెట్టె మోసుకుపోతుంటుంది. ఎలిజబెత్ ఆ కమిటీ ఆరోపణల్ని ఊరుకోలేదు, బహిరంగంగానే ఖండించింది. మా తోటల గురించి ఉన్నవీ లేనివీ కలిపి రాశారంది. ఆవిడకి కూలివాళ్ళంటే దయ లేదని కాదు. అయినా ఆ ఫోటో ముందు ఆవిడ మాట నాకు సరిగా వినిపించలేదు. మా ఊళ్ళో మిరప కోతలకి వెళ్ళి మూడో తరగతితో ఆగిపోయిన నా స్నేహితురాలు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఆ మిరపకాయలతో పెట్టిన ఆవకాయ నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను మరి.

చరిత్రంతా చెల్లెలికి పూసగుచ్చినట్టు చెప్పాను. పాత మొక్క పీకేసి, వెడల్పాటి తొట్టిలో పీటూ ఇసుకా నింపి, ఈసారి మూడేళ్ళ ముదురు తీగలే కొని నాటింది. జూన్‌లో కొంగమెడ పూలు పూశాయి. అక్టోబరులో ఫోను.

"ఎన్ని కాశాయే?"

"పదకొండు."

"పప్పులోకి చాలవు కదుటే!"

"పప్పుకి కొట్లోవి తెచ్చాలే. ఇవి మాత్రం దాన్నే కొయ్యమన్నాను."

'అది' అంటే నా మేనకోడలు. దానికి పదేళ్ళు. వాళ్ళమ్మ ఆ ఫోటో చూపించి, మోకాళ్ళ మీద కూచుని కొయ్యమందిట. పదకొండు కాయలు కోసి, గిన్నె అమ్మ చేతికిచ్చి, "ఆ అమ్మాయికి ఎన్ని కాయలు కోస్తే ఇంటికెళ్ళనిచ్చేవారు?" అని అడిగిందిట.

"నువ్వే చెప్పు, నువ్వు కదా చదివింది" అని చెల్లెలు ఫోను దాని చేతికిచ్చింది.