మెల్లకన్నూ, అదృష్టమూ

మెల్లకన్ను అదృష్టమనే మాట వింటూ పెరిగాం. ఈ దేశం వచ్చాక కూడా ఆ మాట పట్టుకునే మాలో కొందరం పిల్లల్ని డాక్టరుకు చూపించడం ఆలస్యం చేశాం.

పారిస్‌లో ఎమిల్ జవాల్ అలా ఊరుకోలేదు. ఆయన తండ్రికీ సోదరికీ మెల్ల. 1838లో వీట్‌స్టన్ లోకానికి చూపిన స్టీరియోస్కోపులో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ. రెంటినీ కలిపి ఒకటిగా చూడవలసింది మెదడు. జనం వినోదానికి వాడుకున్న ఆ పరికరంతో జవాల్ కంటి కసరత్తు చేయించాడు, సోదరితో సహా. ఎంతో ఓపిక కావలసిన పని. 1896లో మెల్లకన్నుపై గ్రంథం ప్రకటించాడు. 1900 నాటికి గ్లాకోమాతో ఆయన చూపే పోయింది, పాపం!

అన్ని మెల్లలూ కసరత్తుతో పోవు. కళ్ళద్దాలో ఆపరేషనో కావచ్చు. దగ్గరి వస్తువుపై రెండు కళ్ళూ కలవని లోపానికి మాత్రం, ఇంట్లో పెన్సిలు కసరత్తు కన్నా క్లినిక్‌లో 12 వారాలు చేయించే సాధన మేలని 2008లో అమెరికాలో తేలింది. ముక్కు దగ్గరికి పెన్సిలు తెచ్చుకొంటూ మా పిల్లలు విసుక్కున్నది ఊరికే కాదన్నమాట.