ఎవరి చేతి అచ్చు?

తెలుగులో అచ్చుబొమ్మ చరిత్ర చెప్పేవాళ్లు బరోడాలో మొదలుపెట్టి హైదరాబాదు గ్యాలరీలో ఆపేస్తారు. రాగిరేకు, తేజాబు, మందపాటి కాగితం, కింద పెన్సిలుతో సంతకం. ముద్రాచిత్రమంటే వాళ్ల దృష్టిలో ఇదే. ఈ చరిత్రలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు లేవా అంటే ఉన్నయి, కానీ బొమ్మ లోపల ఉన్నయి. పొలంగట్టుగా, మేకగా, నిండు బొట్టు పెట్టుకున్న ఆడమనిషిగా, నెమలీకల గుస్సాడీ టోపీగా ఉన్నయి. గీసిన చెయ్యిగా, చూసిన కన్నుగా లేవు. (2016లో ముక్కలు కాకముందటి ఉమ్మడి జిల్లాలనే మేము ఈ పేర్లతో పిలుస్తున్నాం.)

ఈ ప్రాంతం నుంచి పెద్ద చిత్రకారులు రాలేదా అని ఎవరైనా అడగవచ్చు. వచ్చిండ్రు. కరీంనగర్ జిల్లా అన్నవరంలో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి బొంబాయి జె.జె. స్కూలుకు పోయి పి.టి. రెడ్డి అయ్యిండు. అదే జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం తెలంగాణ పల్లె ఆడవాళ్లను దేశానికి చూపించిండు. పక్క మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో ఎచింగ్ నేర్చుకుని, మధ్యతరగతి సిగ్గును లెక్కచేయని పల్లె శరీరాన్ని రేకు మీదికి ఎక్కించిండు. ఇది చిన్న పని కాదు. మేము మాట్లాడేది వాళ్ల ప్రతిభ గురించి కాదు. ఆ బొమ్మలోని మనిషి ఆ బొమ్మ వేలాడే గది గడప తొక్కగలడా, తొక్కితే ఏమంటాడు అన్నది మా ప్రశ్న.

ఎచింగ్‌లో ఒక పద్ధతి ఉంది. రేకు నుంచి ఇరవై అయిదు ప్రతులు తీస్తారనుకుందాం. ఒక్కోదాని కింద 1/25, 2/25 అని అంకె వేస్తారు. ఆ లెక్క పూర్తి కాగానే చాలామంది ఆ రేకు మీద అడ్డంగా గీతలు గీకి పాడుచేస్తారు, ఇక ప్రతి రాకుండా. అంటే వందలమందికి చేరగలిగిన సాధనాన్ని కావాలనే కొద్దిమందికి కుదిస్తున్నారన్నమాట. కొద్దిగా ఉంటేనే ధర. పదిమందికి దొరికితే మైలపడుతుందనే ఆలోచన మనకు తెలియనిదా? గుడి దగ్గర తెలుసు, బావి దగ్గర తెలుసు, బడి దగ్గర తెలుసు.

ఇదే కాలంలో మన జిల్లాల్లో నడిచిన అచ్చుపని లెక్క వేరు. మైనం పూసిన స్టెన్సిల్ కాగితాన్ని గరుకు పలక మీద పరిచి ఇనుప కలంతో గీస్తే, గీసిన చోట మైనం లేచిపోతుంది. సైక్లోస్టైల్ యంత్రంలో సిరా ఆ గీతల్లోంచి కాగితం మీదికి దిగుతుంది. మొదటి వంద ప్రతుల్లో గీత సన్నగా ఉంటుంది, తర్వాత లావెక్కుతుంది, ఇంకా తిప్పితే పిడికిలి కాస్తా నల్లటి మచ్చ అవుతుంది. అయినా స్టెన్సిల్ చినిగేదాకా తిప్పేవాళ్లు. ఇక గోడకైతే అట్టముక్కలో అక్షరాలు కోసి, దాన్ని గోడకు ఆనించి జాజు పూయడం. లినోలియం ముక్కనో చెక్కనో చెక్కితే అచ్చులో అంతా తిరగబడుతుంది, కాబట్టి అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. తెలుగు అక్షరాలను తలకిందులు కాకుండా తిరగేసి చెక్కడం ఎంత కష్టమో చెయ్యి పెట్టినవాళ్లకే తెలుసు. ఇండ్ల మొదటిసారి అక్షరం నేర్చినోనికి ఇంకా తెలుసు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టికి, దొర గడీకి ఎదురుతిరిగిన ఆ జనంలో పాలేర్లు, జీతగాళ్లు, మాలమాదిగలు, వెనుకబడిన కులాలవాళ్లు ఎక్కువ. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది. అటువంటి చోట కరపత్రం మీద బొమ్మ గీసినవాడు సంతకం పెడతాడా? పెడితే ఠాణాకు చిరునామా రాసిచ్చినట్టే. గ్యాలరీలో సంతకం ధరను పెంచుతుంది, ఇక్కడ సంతకం మనిషిని మింగుతుంది. కాగితం ఇంట్ల ఉంటే భయం, అందుకని చాలావరకు పొయ్యిలకు పోయినయి. కళాచరిత్రకారుడు వచ్చి సాక్ష్యం ఏదని అడుగుతాడు.

ఆదిలాబాద్‌లో ఇంకో రకం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన చావుల లెక్క 13. పౌరహక్కుల వాళ్లు, ఊళ్లవాళ్లు చెప్పేది దానికి ఎన్నో రెట్లు. అమరుల కోసం లేపిన ఎర్ర స్తూపాన్ని 1986లో కూల్చేశారు, ఆ తర్వాత మళ్లీ కట్టారు. స్తూపాన్ని కూల్చగలిగినవాళ్లు దాని ఆకారాన్ని కూల్చలేకపోయిండ్రు. రెండు గీతలు నిలువుగా, ఒకటి అడ్డంగా గీస్తే చాలు, చదువురాని మనిషి కూడా అది ఏమిటో చెప్తడు.

ఈ కథలో సంతకంతో సహా మిగిలిన మనిషి అలిశెట్టి ప్రభాకర్. 1954 జనవరి 12న జగిత్యాలలో పుట్టి, 1993లో అదే తేదీన హైదరాబాదులో క్షయతో పోయిండు. ఆయనను కవిగానే చదువుతున్నం. మొదట ఆయన బొమ్మలు వేసినవాడు. సిరిసిల్లలో ఫొటోగ్రఫీ నేర్చుకుని జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, కరీంనగర్‌లో స్టూడియో శిల్పి, హైదరాబాదులో స్టూడియో చిత్రలేఖ పెట్టిండు. 1978లో 'ఎర్ర పావురాలు' తెచ్చిండు. ఆ నాలుగు పంక్తుల కవితల పొదుపు ఎక్కడిది? చీకటిగదిలో వెలుగునూ నీడనూ కొలిచినవాని పొదుపు అది. బొమ్మ పనిని కూలిపనిగా, కవిత్వాన్ని కళగా విడదీసే అలవాటు వల్లనే ఆయనలో సగం మనకు కనబడకుండా పోయింది.

ఉద్యమం వేసిన బొమ్మతో మాకు పేచీ కూడా ఉంది. దాని పిడికిలికి కులం లేదు. కొడవలి పట్టిన కూలి ఏ వాడ నుంచి వచ్చిందో పోస్టరు చెప్పదు. డప్పు విప్లవ వేదికల మీద ముందునుంచీ మోగింది నిజమే. కాని 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత, 1994లో దండోరా మొదలైన తర్వాతనే అది మాదిగ డప్పుగా, కొట్టేవాని పేరుతో పాటు గోడ మీదికి వచ్చింది. పిడికిలికి కులం లేకపోవచ్చు, డప్పు కొట్టే చేతికి ఉంది.

అలాగని అచ్చు, ప్రదర్శన అనేవి మనకు బయటినుంచి వచ్చినవేనా? మాదిగవాడలో బొమ్మల ప్రదర్శన గ్యాలరీ కన్నా ఎంతో పాతది. డక్కలివాళ్లు జాంబపురాణం పటాన్ని వేలాడదీసి, పుల్లతో ఒక్కో బొమ్మను చూపిస్తూ కథ చెప్తారు. భూమి పుట్టకముందే ఆది జాంబవుడు పుట్టిండని ఆ కథ. పటం విప్పుకుంటూ పోతే ఊరు చెప్పిన పుట్టుక మొత్తం తిరగబడుతుంది. చూసేవాళ్లు మాదిగలు, పోషించేవాళ్లు మాదిగలు, తప్పు చెప్తే నిలదీసేవాళ్లూ మాదిగలే. ఇంతకన్నా హక్కున్న ప్రేక్షకులు ఏ గ్యాలరీకి ఉన్నరు?

ఇక్కడ మా వాదానికే ఒక చిక్కు ఉంది. పటం గీసింది డక్కలి చెయ్యి కాదు, నకాషీ చెయ్యి. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద వరుసలుగా బొమ్మలు వేసేది చేర్యాల నకాషీలు. అయితే వాళ్లు వేసింది తమ కథ కాదు, అడిగినవాళ్ల కథ. చెయ్యి ఒకరిది, కథ మీద అధికారం ఇంకొకరిది. అందుకే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న ఒక్కటే చాలదు, ఆజ్ఞ ఎవరిదన్నది కూడా అడగాలి. ఇవాళ చేర్యాల బొమ్మ చిన్న ఫ్రేములుగా, మాస్కులుగా, తాళంచెవుల గొలుసులుగా అమ్ముడుపోతుంది. నకాషీకి బతుకుదెరువు దొరకడం మంచిదే. ఆజ్ఞ మాత్రం డక్కలి నుంచి దుకాణానికి మారింది, దుకాణం జాంబవుణ్ని అడగదు.

చెయ్యి, కథ రెండూ ఒకరివే అయితే ఏమవుతుందో చూడాలంటే కొంచెం దూరం పోవాలి. బానిసల మనుమరాలైన ఎలిజబెత్ క్యాట్లెట్ 1946-47లో మెక్సికోలో నల్లజాతి ఆడవాళ్ల మీద లినోకట్ల వరుస చెక్కింది. వాటి పేర్లలో 'ఆమె' లేదు, 'నేను' ఉంది. 1952 నాటి ఆమె పాలికాపు మహిళ బొమ్మలో కోటు గుండీ దగ్గర పిన్నీసు ఉంటుంది. గుండీ ఊడిన బట్టకు పిన్నీసు పెట్టుకున్నవాళ్లకే అది ముందు కనబడుతుంది. మనకు దగ్గర్లో, ఆదిలాబాద్ దాటి రోడ్డు పట్టుకుని పోతే వచ్చే నాగపూర్‌లో 1961లో పుట్టిన సావి సావర్కర్ మెడకు ముంత, నడుముకు చీపురు కట్టిన అంటరాని మనిషిని ఎచింగ్‌లో నిలబెట్టిండు. బరోడాలో నేర్చిన అదే తేజాబు విద్య. ఆ బొమ్మ ముందు నిలబడిన సవర్ణుడు అందాన్ని చూడలేడు, తప్పుకోనూలేడు.

అదే నాగపూర్ దీక్షాభూమికి దసరానాడు ఆదిలాబాద్ నుంచి కుటుంబాలు పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు అంబేద్కర్ పటమో బుద్ధుని పటమో చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని వస్తరు. గుడిసె గోడకు ఎక్కే మొదటి బొమ్మ అదే. దాన్ని ముద్రాచిత్రమని ఏ క్యాటలాగూ రాయలేదు.

జాంబపురాణం వంటి పటం పాతబడితే, కొత్తది వేయించుకుని పాతదాన్ని మొక్కి నీళ్లలో కలపడం ఆచారం. సైక్లోస్టైల్ కాగితాలకు ఆ మర్యాద కూడా దక్కలేదు. అయినా కొన్ని ఇంకా ట్రంకుపెట్టెల అడుగున, సంఘం ఆఫీసుల అటకల మీద ఉంటాయి. చదువుతున్న మీ ఇంట్ల దొరికితే లామినేషన్ చేయించకండి, ఆ వేడికి, జిగురుకు పాతకాగితం మళ్లీ బాగుపడదు. మడత విప్పి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, వెలుతురు తగలని చోట బల్లపరుపుగా ఉంచండి. పెద్దవాళ్లు బతికుండగానే అడిగి, ఏ ఊరు, ఏ సంవత్సరం, స్టెన్సిల్ ఎవరు గీసిండ్రు, యంత్రం ఎవరు తిప్పిండ్రు అన్నవి వెనకవైపు పెన్సిలుతో రాయండి. పేరు బయటపడితే ఇబ్బంది అనేవాళ్లుంటే వాడ పేరు రాసినా సరే.