తుఫాను వెలిసిన తరువాత



తుఫాను వెలిసిన మర్నాడు ఊళ్లోకి ఏమేమి వస్తాయో మీకు తెలుసు. పులిహోర పొట్లాలు, బియ్యం, కలరా సూదులు, నష్టం రాసుకునే గుమాస్తాలు. కూలిన ఇంటికి లెక్క ఉంటుంది, చచ్చిన గొడ్డుకు లెక్క ఉంటుంది. నిద్రపట్టని మనిషికి మాత్రం చాలాకాలం ఏ రిజిస్టరులోనూ గడి లేదు. ఆ గడి మన దేశంలో ఎలా ఏర్పడిందో ఈనాడు చెప్పుకుందాం.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడింది. ముందు అందరూ కళ్లూ, ఊపిరితిత్తులూ చూశారు. తరువాత మనోవైద్యులు వెళ్లేసరికి, గుండెదడ అనీ నీరసమనీ ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామందికి బాధ మనసులో ఉందని తేలింది. అంతమందికి సరిపడా మానసిక వైద్యులు ఎక్కడినుంచి వస్తారు? అందుకే 1985లో అక్కడి మామూలు వైద్యాధికారులకే శిక్షణ ఇచ్చారు. ఇందులో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యుడు డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి ముందున్నారు.

ఈ పద్ధతి అప్పటికప్పుడు పుట్టింది కాదు. బెంగుళూరు దగ్గర సకలవారలో 1970ల నడిమినుంచీ నిమ్హాన్స్ వారు పల్లె ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి ఈ పని నేర్పుతూనే ఉన్నారు. ఆ తరువాత దాన్ని ఒక జిల్లా మొత్తానికి విస్తరించి చూసింది, తెలుగు ఇళ్లు నిండుగా ఉన్న మన బళ్లారిలోనే. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి బళ్లారే నమూనా. ఈ సంగతి బళ్లారిలోనే చాలామందికి తెలియదు!

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి నేలమట్టమైంది. అక్కడ కొత్త ఊళ్లు కట్టారు, వీధులు వెడల్పు చేశారు. ఇరుగుపొరుగు మాత్రం చెదిరిపోయింది. ఇల్లు ఇవ్వడం వేరు, పక్కింటిని ఇవ్వడం వేరు.

ఇక సముద్రం సంగతి. 1996 నవంబరు 6న కోనసీమనూ యానాంనూ ఊపేసిన తుఫానులో వేటకు వెళ్లినవారు ఎందరో తిరిగి రాలేదు. శవం దొరికితే ఏడుపుకు ఒక చోటు ఉంటుంది. దొరక్కపోతే? పుస్తెలు తీయాలా, ఉంచాలా? తలుపు గడియ పెట్టుకోవాలా, వద్దా? ఏడేళ్లు కబురు లేకపోతేనే మనిషి పోయినట్టు భావించవచ్చని చట్టం అంటుంది. ఆ ఏడేళ్లూ ఆ ఇల్లాలు భార్యా కాదు, వితంతువూ కాదు. శవం దొరకనప్పుడు దర్భలతో ప్రతిమ చేసి కర్మ జరిపించే ఆచారం మనకు ఉన్నదే. దాన్ని మూఢత్వమని కొట్టేయడం నాకు సమ్మతం కాదు. ఎదురుచూపుకు ఒక హద్దు పెట్టడం పెద్దలు ఎరిగిన చికిత్స.

1999 అక్టోబరు 29న ఒడిషాను పెనుతుఫాను ముంచింది. అప్పుడు ఎర్సమా ప్రాంతంలో ఊరి యువతీయువకులనే తోడ్పాటుకు తయారుచేశారు. స్నేహకర్మీలని వారికి పేరు. అనాథలను, ఒంటరి స్త్రీలను, ముసలివారిని పలకరించడం, వారి కాగితాల పని చూడడం, బతుకు తెరువుకు దారి చూపడం వీరి పని. అందరిచేతా జరిగినదంతా మళ్లీ మళ్లీ చెప్పించడం మేలుకాదని తరువాతి అనుభవమూ చెప్పింది. చెప్పుకునేవారి మాట వినాలి, చెప్పుకోనివారిని తవ్వకూడదు. చాలామంది తమవారి మధ్య, తమ పనిలో పడి తేరుకుంటారు. నెలలు గడిచినా తిండీ నిద్రా లేనివారికి, తాగుడులో పడ్డవారికి, చావే నయమనేవారికి మాత్రం డాక్టరు కావాలి. 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీనికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది.

మన సరిహద్దువారికి ఇంకొక చిక్కు ఉంది. పూరీ తీరాన పెంటకోటలో తెలుగు మత్స్యకారులు తరతరాలుగా ఉన్నారు. 2019 మే 3న ఫణి తుఫాను ఆ తీరాన్నే తాకింది. బేరం ఒడియాలో ఆడవచ్చు, అర్జీ ఒడియాలో పెట్టవచ్చు. బిడ్డ పోయిన తల్లి ఏ భాషలో ఏడుస్తుంది? సహాయానికి వచ్చినవారికి మీ వాడలో తెలుగు ఉందని ముందే చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు పడదు. రాత్రీ పగలూ పలుకుతారు. భాష అడిగినప్పుడు తెలుగు అని ఎంచుకోవచ్చు.