పొయ్యి గట్టెక్కింది, మనం కుర్చీ ఎక్కాం

మా ఇంటికి డైనింగ్ టేబుల్ వచ్చిన రోజు దానిమీద ఎవరూ అన్నం తినలేదు. ఊళ్లో వడ్రంగి చేసిన టేకు బల్ల, పైన ఆకుపచ్చ సన్‌మైకా, చుట్టూ ఆరు కుర్చీలు. నాయనమ్మ దాని చుట్టూ ఓసారి తిరిగి చూసి, "అంత ఎత్తున కూర్చుని తినడానికి నాకేం నేల గొడ్డుపోయిందా?" అంటూ పీట వాల్చుకుని వంటింటి మూలన కూర్చుంది. కొన్ని నెలలపాటు ఆ బల్ల మోసినవి ఆవకాయ జాడీ, నాన్న లెక్కల పుస్తకాలు, ఇస్త్రీకి పరిచిన పాత దుప్పటి.

బల్ల మనకు కొత్త కాదు, దానిమీద అన్నం తినడమే కొత్త. మేజా అన్న మాట పారసీ ‘మేజ్’ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. వచ్చినా కచేరీల్లో ఉండిపోయింది, వంటింటి గడప తొక్కలేదు. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒకేసారి 101 మంది కూర్చోగల భోజనపు బల్ల ఉంది. అది దొరలకిచ్చే విందుల మర్యాద. అదే నగరంలో ఇళ్లలో మాత్రం దస్తర్‌ఖాన్ నేలమీదే పరుచుకుంది, చౌకీ వేసినా జానెడెత్తే. కోస్తాలో పీట, అరిటాకు. మెట్ట ఊళ్లలో మోదుగాకు విస్తరి.

అన్నం నేలమీదికి వచ్చిందంటే పొయ్యి నేలమీద ఉంది కాబట్టే. మడి, ఆచారం అని ఎన్ని చెప్పుకున్నా, నాకు తోచినంతవరకు అసలు సంగతి ఇదే. వండే మనిషి కూర్చుని వండుతుంది, తినే మనిషి ఆమెకు చేతికందే దూరంలో కూర్చుంటాడు. ఆ పొయ్యి ముందున్న మనిషిని పట్టించుకున్న కావ్యకర్తలు తక్కువ. పదహారో శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు పట్టించుకున్నాడు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ముసురు పట్టిన రోజుల్లో అతిథులకు అన్నం పెడతాడు. పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. అంత వంటా చేసేది ఆయన భార్య. పొగ కళ్లలోకి పోకుండా కొబ్బరి డొక్కలు ఎగదోసి వండుతుందని కూడా రాశాడు. సామ్రాజ్యం ఏలే మనిషికి తడికట్టెల పొగ సంగతి తట్టడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ పొగ వదలడానికి ఇంకో నాలుగు శతాబ్దాలు పైనే పట్టింది. మన దేశంలో వంటగ్యాస్ అమ్మకం 1955లో బొంబాయిలో మొదలైంది. 1965లో కలకత్తాలో ఇండేన్ వచ్చింది. ఊళ్లకు రావడానికి మరింత కాలం పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు దీపం పథకం కింద కనెక్షన్లు ఇచ్చింది 1999లో. ఈ గ్యాస్‌కు ఒక గుణం ఉంది. గాలికంటే బరువు, కారితే నేలబారున పేరుకుంటుంది. అందుకని సిలిండర్ కింద నిలబడాలి, స్టవ్ దానికంటే ఎత్తున ఉండాలి. వంటింట్లో గట్టు లేచింది, కూర్చుని వండిన ఆడవాళ్లు నిలబడ్డారు. ఇక గట్టుమీది గిన్నె దించి, వంగి వంగి నేలమీది కంచాల్లో వడ్డించాలంటే ఏ నడుం ఊరుకుంటుంది? మధ్యతరగతి ఇంట్లోకి బల్లను తెచ్చింది నాగరికత కాదు, నడుం నొప్పే అంటాను.

బల్లతోపాటు ఒక లెక్క కూడా చెదిరింది. అదే బంతి లెక్క. మొదటి బంతి మగవాళ్లది, రెండోది పిల్లలది, ఆఖరిది ఆడవాళ్లది. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తిన్నారన్నది ఒకప్పుడు ఊరు ఊరంతా తేల్చే వ్యవహారం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, పెళ్లి చేయించినంత కష్టమూ విందుకు జనాన్ని కూర్చోబెట్టడంలో ఉంది. ఆ పంక్తిలో చెయ్యి కడిగితే వెలే.

డైనింగ్ టేబుల్‌కు తల ఏదో, తోక ఏదో పిల్లలకు తెలియదు. ముందొచ్చినవాడిదే కిటికీ పక్క కుర్చీ. అన్నం అయ్యాక అక్కడే ఎక్కాలు, అక్కడే చీవాట్లు, అక్కడే అక్క పెళ్లి మాటలు. కొబ్బరికోరు బిగించిన చోట అంచు నొక్కుకుపోయింది. వేడి కుక్కర్ పెట్టిన చోట సన్‌మైకా గుండ్రంగా కమిలింది.

అలాగని అమ్మ మాతో కలిసి తిన్నదని కాదు. ఆరో కుర్చీ చాలా ఏళ్లు చేతిసంచీలదే. గట్టుకూ బల్లకూ మధ్య నిలబడి వడ్డించి, అందరం లేచాక, అదే బల్ల దగ్గర ఒక్కతే తినేది. ఆమె బంతి మారలేదు, ఎత్తు మారింది.

ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరే. అమ్మా నాన్నా ఎదురెదురుగా తింటారు, మధ్యలో మందుల డబ్బా. మొన్న వెళ్లినప్పుడు బల్ల కింద పడ్డ చెంచా తీయబోయి వంగితే, నాన్న కాళ్లు మాత్రమే కనిపించాయి. అమ్మ కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.